కన్సీల్డ్ క్యారీకి మొదటి గన్ కొంటున్నారా? షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నది మాత్రం తీసుకోకండి

రోజూ ఒంటి మీద దాచిపెట్టుకుని తిరగడానికి ఏ గన్ కొనాలి అని అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే మనసులో ఒకటి అనేసుకుని ఉంటారు, అది దాదాపు ఎప్పుడూ అరచేతిలో ఇమిడిపోయే బుల్లి పిస్టలే. చిన్నది కాబట్టి దాచడం ఈజీ, తేలిక కాబట్టి మోయడం ఈజీ, చూడ్డానికి భయంగా ఉండదు కాబట్టి కాల్చడం కూడా ఈజీ అనుకుంటారు. మొదటి రెండూ కొంతవరకు నిజమే. మూడోది మాత్రం పూర్తిగా తప్పు, నేను ఇదంతా రాస్తున్నదే దాని గురించి.

గన్ జోలికి వెళ్ళే ముందు ఒక్క విషయం, ఎందుకంటే అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. మీరు హెచ్1బీ, ఎల్1, ఎఫ్1, హెచ్4 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం గన్ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే, బుల్లెట్లు ఉంచుకున్నా అంతే. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఒక మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి గానీ ఎవరో ఫ్రెండ్ చెప్పాడని వాటి మీద నమ్మకం పెట్టుకుని ముందుకెళ్ళకండి, తేడా వస్తే ఇమ్మిగ్రేషన్ మొత్తం పోతుంది, ముందు లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళకి ఫెడరల్ లెవెల్లో ఈ అడ్డు లేదు, డీలర్ దగ్గర ఫామ్ 4473 నింపితే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసి ఇస్తారు.

ఆ పైన ఏ స్టేట్ రూల్ ఆ స్టేట్‌దే. 2022లో సుప్రీం కోర్టు బ్రూయెన్ కేసులో తీర్పు ఇచ్చాక న్యూయార్క్ లాంటి చోట్ల "నీకు ప్రత్యేకంగా ఏం అవసరం ఉంది" అని అడిగి పర్మిట్ ఆపేసే పద్ధతి పోయింది గానీ పర్మిట్, క్లాసు, పరీక్ష చాలాచోట్ల అలాగే ఉన్నాయి. ఇంకోపక్క సగానికి పైగా స్టేట్స్‌లో పర్మిట్ లేకుండానే క్యారీ చెయ్యొచ్చు. అయినా సరే పర్మిట్ తీసుకోమనే చెప్తాను, ఎందుకంటే పక్క స్టేట్‌కి వెళ్ళినప్పుడు చాలాచోట్ల అదే పనికొస్తుంది, కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటివి మాత్రం వేరే స్టేట్ పర్మిట్‌ని అసలు గుర్తించవు. పోస్టాఫీసు, ఫెడరల్ బిల్డింగులు, స్కూళ్ళు, వీటికి రూల్స్ వేరే, అవి నేర్చుకోకుండా గన్ పెట్టుకుని గుమ్మం దాటొద్దు. ఇంకోటి, కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీలో మ్యాగజైన్‌లో (రౌండ్లు, అంటే బుల్లెట్లు నింపే డబ్బాలో) 10 రౌండ్లకి మించి ఉండకూడదు, పైగా కాలిఫోర్నియాలో డీలర్ అమ్మగలిగే కొత్త హ్యాండ్‌గన్స్‌కి ఒక లిస్టే ఉంది. అంటే మీరు వీడియోలో చూసి ముచ్చటపడ్డ మోడల్ మీ ఊళ్ళో దొరక్కపోవచ్చు, అది ముందే చూసుకోండి.

సరే, ఇప్పుడు గన్. చొక్కా మీంచి గన్ ఆకారం పొడుచుకొచ్చి కనపడ్డాన్ని ప్రింట్ అవ్వడం అంటారు. కొత్తవాళ్ళందరూ బారెల్ పొడవు చూస్తారు, మూడు అంగుళాలదైతే దాగుతుంది, నాలుగైతే దాగదు అని. కానీ బారెల్ ప్యాంటు లోపలికి పోతుంది కదా, అది ఎవరికీ కనపడదు. కనపడేది పైకి మిగిలే గ్రిప్, అంటే మనం చేత్తో పట్టుకునే పిడి. దాని కింది మూల చొక్కాని తోస్తుంది, ముఖ్యంగా వంగినప్పుడు. కాబట్టి గ్రిప్ పొడవు, తర్వాత గన్ మందం, ఈ రెండూ చూడండి, బారెల్ సంగతి ఆఖరున. నిజానికి బెల్టు ముందు పక్కన పెట్టుకునే వాళ్ళకి బారెల్ కొంచెం పొడుగ్గా ఉంటేనే మంచిది, కింద భాగం ఒంటికి ఆనుకుని పై భాగాన్ని లోపలికి వంచుతుంది, మరీ పొట్టి గన్ అయితే పైన బరువై బయటికి వాలుతుంది.

సైజుల్లో స్థూలంగా మూడు రకాలు అనుకోండి. పెద్ద కాంపాక్ట్‌లకి గుర్తు గ్లాక్ 19, 1988 నుంచి ఉంది, 15 రౌండ్లు, నాలుగు అంగుళాల బారెల్, ఖాళీగా 670 గ్రాములు, లోడ్ చేస్తే 850 దాకా వెళ్తుంది. చెయ్యి నిండా పట్టు దొరుకుతుంది, కాల్చడానికి హాయిగా ఉంటుంది, కానీ సన్నగా ఉండేవాళ్ళకి, చొక్కా టక్ చేసుకునే వాళ్ళకి దాచడం కష్టం.

మధ్యలోవి ఇప్పుడు అందరూ కొంటున్న మైక్రో కాంపాక్ట్‌లు. 2018లో సిగ్ పీ365 వచ్చాక ఈ మార్కెట్ మొత్తం మారిపోయింది, అంతకుముందు అంత సైజులో 9 ఎమ్ఎమ్ (ఇది బుల్లెట్ సైజు) గన్ అంటే ఆరో ఏడో రౌండ్లు పట్టేవి, ఇది దాదాపు అదే సైజులో 10 పట్టించింది, బరువు అర కిలో. 2019లో స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, 2021లో స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్ వచ్చాయి. వీటన్నిటికీ కొంచెం పొడుగు మ్యాగజైన్ కూడా దొరుకుతుంది, అది పెడితే చిటికెన వేలికి కూడా చోటు వస్తుంది. పీ365 ఎక్స్ఎల్, గ్లాక్ 43ఎక్స్ లాంటివి వీటికీ గ్లాక్ 19కీ మధ్యలో ఉంటాయి, సన్నగా ఉంటాయి గానీ గ్రిప్ పూర్తిగా ఉంటుంది. మొదటి క్యారీ గన్ అని నన్నడిగితే నా వేలు ఈ మధ్య రకం వైపే చూపిస్తుంది.

మూడోది జేబు గన్స్. రూగర్ ఎల్‌సీపీ, ఎల్‌సీపీ మ్యాక్స్ లాంటి .380 (9 ఎమ్ఎమ్ కన్నా బలం తక్కువ రౌండ్) పిస్టల్స్, ఖాళీగా సుమారు 300 గ్రాములే, ఇంకా ఐదు రౌండ్ల చిన్న రివాల్వర్లు, స్మిత్ అండ్ వెసన్ 642 లాంటివి. షాపులో ఆడవాళ్ళు వచ్చినా పెద్దవాళ్ళు వచ్చినా కౌంటర్ అవతలి మనిషి ఇంకా వీటినే చేతిలో పెడుతుంటాడు, చూస్తే కోపం వస్తుంది. ఎందుకో చెప్తాను.

అదే బుల్లెట్‌ని తేలిక గన్‌లోంచి కాలిస్తే వెనక్కి తన్నే దెబ్బ ఎక్కువ, ఇది ఫిజిక్స్, ఎవరూ మార్చలేరు. పైగా గ్రిప్ పొట్టిది కాబట్టి రెండు వేళ్ళే పడతాయి, చిటికెన వేలు గాల్లో ఉంటుంది, దాంతో ప్రతి షాట్‌కీ గన్ చేతిలో తిరిగిపోతుంది. గురి చూసే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం తక్కువ కాబట్టి గురిలో వెంట్రుకవాసి తేడా టార్గెట్ మీద పెద్ద తేడా అవుతుంది. ఇక స్లైడ్, అంటే గన్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం. చిన్న గన్‌లో స్లైడ్ తేలిక, అది వెనక్కి వెళ్ళే దూరం తక్కువ, అందుకని లోపల స్ప్రింగ్ గట్టిది పెడతారు, అంటే బుల్లి 9 ఎమ్ఎమ్ స్లైడ్ లాగడం పెద్ద గన్ కంటే కష్టం! చేతుల్లో బలం తక్కువని చిన్నది ఇస్తే జరిగేది సరిగ్గా ఉల్టా. రివాల్వర్‌కి స్లైడ్ ఉండదు నిజమే, కానీ దాని ట్రిగర్ లాగడానికి 10 నుంచి 12 పౌండ్ల బలం కావాలి, గ్లాక్ లాంటి మామూలు పిస్టల్‌కి ఐదారు పౌండ్లు చాలు. పదేళ్ళు ప్రాక్టీస్ ఉన్నవాళ్ళు జేబులో రివాల్వర్ వేసుకుంటే అది వాళ్ళకి సరిపోతుంది, కొత్తవాళ్ళకి అది శిక్ష. రెండు రౌండ్లు కాల్చగానే చెయ్యి నొప్పి పుట్టి ఇంక రేంజ్‌కి (కాల్చడం ప్రాక్టీస్ చేసే చోటికి) వెళ్ళబుద్ధి కాదు, ప్రాక్టీస్ చెయ్యని గన్ నడుముకి ఉన్నా ఉపయోగం లేదు.

చేతుల్లో నిజంగానే బలం తక్కువైతే, కీళ్ళ నొప్పులుంటే, దానికోసమే చేసిన గన్స్ ఉన్నాయి. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ అని .380లోనూ 9 ఎమ్ఎమ్‌లోనూ దొరుకుతుంది, స్లైడ్ చాలా సులువుగా వస్తుంది, మ్యాగజైన్ నింపడం కూడా సులువే. దానికి గ్రిప్ వెనక ఒక సేఫ్టీ ఉంటుంది, చెయ్యి గట్టిగా పట్టుకుంటేనే పేలుతుంది, కాబట్టి పట్టు సరిగ్గా నేర్చుకోవాలి. ఇంకో చిన్న కిటుకు, స్లైడ్‌ని వేళ్ళతో చిటికెలా పట్టి లాగకండి, ఎడమ అరచేతిని పైనుంచి కప్పి గట్టిగా పట్టుకుని కుడి చేత్తో గన్‌ని ముందుకి తొయ్యండి, గన్ మూతి మాత్రం ఆ టైంలో కూడా సేఫ్ దిక్కుకే ఉండాలి. నావల్ల కాదు అనుకున్న చాలామందికి ఇలా చేస్తే వచ్చేస్తుంది.

కాలిబర్ (బుల్లెట్ సైజు) గురించి జనం రాత్రుళ్ళు కూర్చుని వాదించుకుంటారు, నాకైతే అంత అక్కర్లేదనిపిస్తుంది. 9 ఎమ్ఎమ్ తీసుకోండి. ఎఫ్‌బీఐ కూడా కొన్నేళ్ళు .40 వాడి 2010ల్లో మళ్ళీ 9 ఎమ్ఎమ్‌కే వచ్చింది, బుల్లెట్ డిజైన్ బాగుపడ్డాక పెద్ద కాలిబర్‌తో వచ్చే లాభం తగ్గిపోయింది, రీకాయిల్ (వెనక్కి తన్నే దెబ్బ) మాత్రం తగ్గలేదు. 9 ఎమ్ఎమ్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది. రీకాయిల్ తట్టుకోలేకపోతేనే .380కి దిగండి, అప్పుడు కూడా మరీ బుల్లిది కాకుండా కొంచెం పెద్ద సైజు .380 అయితే కాల్చడం ఎంతో తేలిక.

ప్రాక్టీస్‌కి మామూలు రౌండ్లు, క్యారీకి హాలో పాయింట్, అంటే మొన దగ్గర గుంట ఉండే బుల్లెట్. హాలో పాయింట్ తగలగానే విచ్చుకుంటుంది కాబట్టి మనిషిని దాటి వెనకున్నవాళ్ళకి తగిలే అవకాశం తక్కువ. ఎఫ్‌బీఐ టెస్టులో జెల్‌లోకి 12 నుంచి 18 అంగుళాలు వెళ్ళాలి, ఫెడరల్ హెచ్ఎస్‌టీ, స్పీర్ గోల్డ్ డాట్ లాంటివి ఆ లెక్కకే చేసినవి, గోల్డ్ డాట్‌లో పొట్టి బారెల్ కోసం విడిగా ఒక రకం కూడా ఉంది. న్యూజెర్సీలో హాలో పాయింట్ మీద వేరే రూల్స్ ఉన్నాయి, అక్కడున్నవాళ్ళు చూసుకోండి.

ఇప్పుడు షాపులో ఏం చెయ్యాలో చెప్తాను. ఎవరి రివ్యూ నమ్మి ఆర్డర్ పెట్టకండి, చెప్పుల్లాగే ఇది కూడా మీరు వేసుకు చూడాల్సిందే. గన్ ఖాళీగా ఉందో లేదో అమ్మే మనిషి చూశాక మీరు కూడా చూడండి, మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, కంటితో చూసి, వేలు పెట్టి తడిమి. అప్పుడు గ్రిప్ పట్టుకోండి. చేతిని పైదాకా తోసి పట్టుకున్నాక చూపుడు వేలి మొదటి కణుపు మీది మెత్తటి భాగం ట్రిగర్ మీదకి రావాలి, వేలి చివర మాత్రమే తగిలితే గన్ మీ చేతికి పెద్దది. మ్యాగజైన్ రిలీజ్ బటన్ బొటనవేలికి అందాలి, స్లైడ్ లాక్ అందాలి. కళ్ళు మూసుకుని గన్‌ని సేఫ్ దిక్కుకి చాచి, కళ్ళు తెరిచి చూస్తే సైట్లు దాదాపు వరసలో ఉండాలి, ప్రతిసారీ మూతి పైకో కిందకో పోతుంటే ఆ గ్రిప్ కోణం మీకు పడట్లేదని అర్థం.

ఇవన్నీ చూశాక రెండు మూడు మోడల్స్ అనుకుని, గన్స్ అద్దెకిచ్చే రేంజ్‌కి వెళ్ళండి. ఇది మాత్రం మానకండి. ఏడు గజాల దూరంలో పేపర్ ప్లేట్ సైజు టార్గెట్ పెట్టి ఒక్కో గన్‌తో ఒక బాక్స్ కాల్చండి, మొదట నెమ్మదిగా, తర్వాత వరసగా. మొదటి షాట్ అన్నిటితోనూ బాగానే పడుతుంది, రెండో షాట్, మూడో షాట్ ఎక్కడ పడుతున్నాయో చూడండి. బాక్స్ అయ్యేసరికి చెయ్యి వణుకుతోందా, ఇంకో బాక్స్ కాల్చాలనిపిస్తోందా? ఇంకో బాక్స్ కాల్చాలనిపించిన గన్ కొనండి, రెండొందల గ్రాములు బరువెక్కువైనా సరే.

మాన్యువల్ సేఫ్టీ (గన్ పేలకుండా చేత్తో వేసే లాక్) ఉండాలా వద్దా అంటే రెండూ సరైనవే. చాలా మోడల్స్ రెండు రకాలుగానూ వస్తాయి. సేఫ్టీ ఉన్నది తీసుకుంటే గన్ బయటికి తీసిన ప్రతిసారీ బొటనవేలితో కిందకి నొక్కడం ఆలోచించకుండా జరిగిపోవాలి, భయంలో వేళ్ళు మొద్దుబారిపోతాయి, అప్పుడు గుర్తు తెచ్చుకుందాంలే అంటే కుదరదు. సేఫ్టీ లేనిది తీసుకుంటే మీ సేఫ్టీ అంతా హోల్‌స్టర్‌లోనూ (గన్ పెట్టుకునే ఒరలోనూ) మీ వేలి క్రమశిక్షణలోనూ ఉంటుంది. రెడ్ డాట్ (గురికి ఎర్ర చుక్క చూపించే చిన్న సైట్) పెట్టుకునేలా స్లైడ్ కోసి ఉన్న మోడల్ దొరికితే తీసుకోండి, ఇప్పుడే పెట్టకపోయినా తర్వాత పనికొస్తుంది, 45 దాటి దగ్గర చూపు మసకబారినవాళ్ళకి అది నిజంగా హెల్ప్ అవుతుంది.

హోల్‌స్టర్ దగ్గర మనవాళ్ళు పిసినారితనం చేస్తారు, గన్‌కి 500 డాలర్లు పెట్టి హోల్‌స్టర్‌కి 15 డాలర్ల గుడ్డ సంచి కొంటారు. అది ప్రమాదం. హోల్‌స్టర్ మీ మోడల్‌కే సరిగ్గా చేసింది అయ్యుండాలి, ట్రిగర్‌ని గట్టి పదార్థంతో మొత్తం కప్పెయ్యాలి, తలకిందులు చేసినా గన్ పడకూడదు, గన్ తీశాక హోల్‌స్టర్ మూతి ముడుచుకుపోకూడదు. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌వి 60 నుంచి 100 డాలర్ల మధ్య మంచివి వస్తాయి. బెల్ట్ నొక్కితే గ్రిప్‌ని లోపలికి తిప్పే చిన్న రెక్క ఒకటి ఉంటుంది, అది ఉన్నది తీసుకుంటే ప్రింట్ అవ్వడం బాగా తగ్గిపోతుంది. దాంతోపాటు గట్టి గన్ బెల్ట్. పెద్ద గన్ దాగట్లేదని చిన్న గన్ కొనేవాళ్ళలో చాలామందికి అసలు కావాల్సింది మంచి బెల్టే. గన్ లోపలికి పెట్టేటప్పుడు చొక్కా పైకి లాగి పట్టుకుని, కళ్ళతో చూస్తూ, నెమ్మదిగా పెట్టండి, ఏదైనా అడ్డం తగిలితే తొయ్యకండి, చొక్కా అంచు ట్రిగర్‌లోకి దూరి పేలిన సంఘటనలు ఉన్నాయి. గన్ తొందరగా తియ్యాల్సి రావచ్చేమో గానీ తొందరగా లోపల పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాదు.

బట్టలు కూడా లెక్కలోకి తీసుకోండి. ఆఫీసుకి టక్ చేసుకుని వెళ్ళేవాళ్ళకి సన్నటి గన్, టక్ చెయ్యడానికి వీలుండే క్లిప్ కావాలి. ముదురు రంగు, గళ్ళ చొక్కాలు ఆకారాన్ని బాగా దాస్తాయి, తెల్లటి పల్చటి టీ షర్టు ఏదీ దాచదు. ఆడవాళ్ళు కుర్తీ, లెగ్గింగ్స్ వేసుకుంటే బెల్టు ఉండదు కాబట్టి నడుముకి చుట్టే బ్యాండ్ వాడతారు, అందులో కూడా ట్రిగర్ మీద గట్టి కవర్ ఉండి తీరాలి, ఉత్త ఎలాస్టిక్ సరిపోదు. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం మాత్రం నాకు అస్సలు ఇష్టం లేదు. బ్యాగ్ లాక్కుపోతే గన్ కూడా పోతుంది, కుర్చీ మీద పెట్టి అటు తిరిగితే పిల్లలు చెయ్యి పెడతారు, అలా ప్రాణాలు పోయాయి కూడా.

పిల్లల మాట వచ్చింది కాబట్టి, గన్ కొనే రోజే చిన్న లాక్ బాక్స్ కూడా కొనండి. ఒంటి మీద లేనప్పుడు గన్ లాక్‌లోనే ఉండాలి, ఎత్తైన బీరువా మీద పెట్టడం దాచడం కాదు, పిల్లలు ఎక్కుతారు. ఇంట్లో ఎవరైనా డిప్రెషన్‌లో ఉంటే, పెద్ద గొడవల్లో ఉంటే, అది మీరే అయినా సరే, ఆ కాలం గడిచేదాకా గన్ ఇంట్లో ఉండకుండా చూడండి. అమెరికాలో గన్‌తో పోతున్న ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే, గన్ కొనేవాళ్ళకి షాపులో ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా.

డబ్బు లెక్క వేసుకునేటప్పుడు గన్ ఒక్కటే చూడకండి. నేను చెప్పిన మధ్య రకం గన్స్ సుమారు 400 నుంచి 600 డాలర్లు, హోల్‌స్టర్, బెల్ట్, లాక్ బాక్స్ కలిపి ఇంకో 200 దాకా, ఆ పైన క్లాసు, రౌండ్లు. బడ్జెట్ టైట్‌గా ఉంటే గన్‌లో తగ్గండి, షీల్డ్ లాంటివి సెకండ్ హ్యాండ్‌లో కూడా బాగుంటాయి, క్లాసులో మాత్రం తగ్గకండి. పర్మిట్ క్లాసు వేరు, గన్ బయటికి తీసి కాల్చడం నేర్పే క్లాసు వేరు, రెండోదే మీకు కావాల్సింది.

కొన్న వెంటనే క్యారీ మొదలెట్టకండి. ప్రాక్టీస్ రౌండ్లు ఒక రెండొందలు, మీరు క్యారీ చెయ్యబోయే హాలో పాయింట్ ఒకటి రెండు బాక్సులు ఎక్కడా ఇరుక్కోకుండా కాలిస్తేనే దాన్ని నమ్మండి. ఇరుక్కుంటే మ్యాగజైన్ మార్చి చూడండి, ఎక్కువసార్లు సమస్య అక్కడే ఉంటుంది. ఇంట్లో డ్రై ఫైర్ (ఖాళీ గన్‌తో ట్రిగర్ లాగే ప్రాక్టీస్) చేసేటప్పుడు రౌండ్లన్నీ వేరే గదిలో పెట్టి, ఛాంబర్ (బారెల్ వెనక రౌండ్ కూర్చునే చోటు) రెండుసార్లు చూసి, బుల్లెట్ ఆగే గోడ వైపే తిప్పి చెయ్యండి, రోజూ పది నిమిషాలు చేసినా నెలలో తేడా తెలుస్తుంది. ఒంటి మీద ఉండే గన్‌లోకి చెమట, దారపు పోగులు చేరుతుంటాయి, కాల్చకపోయినా నెలకోసారి విప్పి తుడవండి. రోజూ రాత్రి అన్‌లోడ్ చేసి పొద్దున్న మళ్ళీ లోడ్ చేసే అలవాటుంటే అదే రౌండ్‌ని పదేపదే ఛాంబర్‌లోకి ఎక్కించకండి, తగిలి తగిలి బుల్లెట్ మొన కేస్ (మందు ఉండే గొట్టం) లోపలికి దిగిపోతుంది, ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త రౌండ్ పక్కన పెట్టి పొడవు పోల్చి చూడండి, పొట్టిగా కనపడితే దాన్ని వాడకుండా పక్కన పడెయ్యండి. అసలు హోల్‌స్టర్‌తో సహా గన్‌ని నడుము నుంచి తీసి అలాగే లాక్ బాక్స్‌లో పెట్టేస్తే రోజూ లోడ్ చేసే పనే ఉండదు.